నాలుగు పచ్చ టిక్కులు

మా బావ సొంత పేరు జనం మరిచిపోయి చాలా కాలమైంది. అందరికీ ఆయన బ్యాకప్ బావే. వరసకి బావ అయ్యేది నాకొక్కదానికే. అయినా బేకరీ ఆయన, లాయరు గుమస్తా, స్కూలు హెడ్‌మాస్టరమ్మ, చివరికి ఆయన కంటే పదేళ్ళు పెద్దయిన మందుల షాపాయన కూడా అలాగే పిలుస్తారు. ఒకసారి నేను షాపుకి వెళ్ళి వేళాకోళంగా అలా పిలిస్తే ఎవరో విన్నారు, ఇక అది జిగురులా అంటుకుంది. దానికి ఆయనేం అలగలేదు. బోర్డు మీద కూడా అలాగే రాయించుకుంటానని నన్నే బెదిరించాడు.

ఆయన పని చచ్చిపోయిన కంప్యూటర్లను లేపడం. మొదట్లో టైపు మిషన్లు బాగుచేసేవాడు. అవి మూలపడ్డాక, ముప్ఫై ఏళ్ళు దాటిన వయసులో కంప్యూటర్ల దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నాడు. షాపంటే ఇంటి ముందు గదే. ఒక పొడుగాటి బల్ల, మూడు తెరలు, గోడ మేకులకు వేలాడే వైర్ల చుట్టలు. ప్రతి చుట్టకీ ఒక కాగితం చీటీ, దాని మీద గుండ్రటి అక్షరాలు. ఏది ఎక్కడ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. వంటింట్లో ఉప్పు డబ్బా ఏదో మాత్రం ముప్ఫై ఏళ్ళ కాపురంలో తెలుసుకోలేదు.

ఎవరైనా పోయిన ఫోటోల కోసమో, పోయిన పాఠాల కోసమో ఏడుస్తూ వస్తే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత పుండు మీద కారం చల్లేవాడు. "రెండు చోట్ల లేనిది ఎక్కడా లేనట్టేనండీ. ముందే కాపీ తీసి పెట్టుకోవాలి." మా అమ్మాయి పెళ్ళిలో ఫోటోగ్రాఫరుని గుమ్మం దాటనివ్వకుండా అక్కడికక్కడే రెండో కాపీ తీయించాడు. "పెళ్ళికొడుక్కి కూడా ఒక కాపీ తీయించి పెట్టుకుందామా బావా" అన్నాను. "కుదిరితే మంచిదే" అన్నాడు, నవ్వకుండా.

ఆయన ఆదివారాలు అందరి ఆదివారాల్లా ఉండేవి కావు. పొద్దున కాఫీ తాగి తన సొంత కంప్యూటరు ఆపేసేవాడు. దాని డిస్కును నాలుగు పార్టిషన్లుగా విడగొట్టుకున్నాడు. పార్టిషన్ అంటే ఏమిటని నేనడిగితే, ఒకే ఇంట్లో నాలుగు గదుల్లాంటిదన్నాడు. నాకు అర్థమైంది అంతే, మీకూ అంత చాలు. మొదటిది సి గది, అందులో కంప్యూటరు నడవడానికి కావలసిన సామాను. రెండోది డి, షాపు పని. మూడోది ఇ, ఇంటి ఫోటోలూ కాగితాలూ. నాలుగోది ఎఫ్. దాని సంగతి చెబుతాను. ఆపేసిన కంప్యూటరుకి ఒక పాత నీలం పెన్‌డ్రైవ్ గుచ్చి, దాని నుంచి మళ్ళీ మొదలుపెట్టి, నాలుగు గదుల్నీ ఒక్కొక్కటిగా పక్కనున్న పెద్ద డబ్బా డిస్కులోకి కాపీ తీసేవాడు. ఒక్కో గది పూర్తవగానే తెర మీద పచ్చ టిక్కు పడేది. నాలుగు పడ్డాక, నోటుబుక్కులో తేదీ వేసి పచ్చ సిరాతో నాలుగు టిక్కులు పెట్టేవాడు. ఆ నోటుబుక్కు ఆయనకి పెద్ద ధైర్యం.

ఎఫ్ గదిలో ఉన్నది మా అక్క గొంతు.

కిందటేడు అక్కకి గొంతులో గడ్డ వచ్చింది. కోసి తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట పోతుందన్నారు. బేరమాడడానికి అందులో ఏం లేదు. ఆపరేషన్‌కి ఇరవై రోజుల ముందు, ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. ఆవిడ ఇచ్చిన పదహారు వందల వాక్యాలు అక్క చదివి రికార్డు చేసుకుంటే, వాటి నుంచి ఆ గొంతును తయారుచేస్తారట. తర్వాత అక్క ఒక పలక లాంటి దాని మీద ఏది టైపు చేస్తే, అది అక్క గొంతుతో పలుకుతుందట. బావ పడకగది కిటికీలకి దుప్పట్లు కట్టాడు. రోజుకి నాలుగు గంటలు, ఇరవై రోజులు, అక్క చదివింది, ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ఎర్ర బండి వంతెన దాటింది, తలుపు పక్కన ఎవరి గొడుగు ఉంది, ఇలాంటి వాక్యాలు. "నేను జన్మలో అనని మాటలన్నీ ఇందులో ఉన్నాయే, రోజూ అనేది ఒక్కటీ లేదు" అంది అక్క నాతో. తన నోటితో నాతో అన్న చివరి జోకుల్లో అదొకటి.

ఆపరేషన్ అయింది, అక్క బతికింది. మిగతా పనంతా పలక రాక కోసం చూడడమే. ఆ ఎనిమిది నెలల్లో బావ ఆ రికార్డింగుల్ని డాక్టరమ్మకి ఇచ్చేసి ఉండాల్సింది. ఆవిడ రెండుసార్లు అడిగింది కూడా, ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి, మేమే శుభ్రం చేసుకుంటామని. ఈయన వింటేగా. మీ అక్క గొంతులో ఫ్యాను మోత ఉండకూడదంటాడు, వీధిలో బండి చప్పుడు ఉండకూడదంటాడు. ఒక్కో వాక్యం పట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతూ కూర్చున్నాడు. అదే ఆయన బాధ పడే పద్ధతి అని నాకు తెలుసు, అందుకే గట్టిగా అనలేకపోయాను. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఒక శనివారం డాక్టరమ్మ ఫోను చేసింది. పలక వచ్చింది, వచ్చే శుక్రవారం రండి, రికార్డింగులు తప్పకుండా తెండి, గొంతు తయారుచేసేవాళ్ళు ఆ రోజు వరకే తీసుకుంటారు, మళ్ళీ విడత ఎప్పుడో నేను చెప్పలేను అంది. బావ ఇంకా నలభై వాక్యాలే ఉన్నాయన్నాడు. సోమవారం పొద్దున ఆ నలభై పూర్తి చేద్దామని కూర్చుంటే, డిస్కు కటకటమని చప్పుడు చేసి ఆగిపోయింది.

ఆ రోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన కంగారుగా ఏం లేడు. నాకు ఇంకా గుర్తుంది, కాస్త గర్వంగానే ఉన్నాడు.

"డిస్కు పోయింది బుల్లీ. ఇన్నాళ్ళకి మన పచ్చ సిరాకి పని పడింది."

"అక్క గొంతు?"

"డబ్బాలో ఉంది. నిన్న ఆదివారం కూడా తీశాను. కొత్త డిస్కు పెట్టి, నాలుగు గదులు చేసి, ఏ గది సామాను ఆ గదిలో దింపడమే. రేపు మధ్యాహ్నానికి అయిపోతుంది."

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. మెడ చుట్టూ సన్నటి నూలు గుడ్డ, చేతిలో చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. రాసి నాకు చూపించింది. "మీ బావకి పండగలా ఉంది."

మంగళవారం మధ్యాహ్నం అయింది, సాయంత్రం కూడా అయింది. సి గదిలోకి సి కాపీ దింపాడు. కంప్యూటరు లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి మిణుకుమంటూ కూర్చుంది. వైరు మార్చాడు. కొత్త డిస్కే చెడ్డదేమోనని దాన్ని వేరే కంప్యూటరుకి పెట్టి చూశాడు, బాగానే ఉంది. కాపీని మళ్ళీ మొదటి నుంచి దింపాడు. గంటన్నర పట్టాల్సింది మూడు నిమిషాల్లో అయిపోయింది. పచ్చ టిక్కు పడింది, తెర మాత్రం నల్లగానే ఉంది. మూడు నిమిషాల్లో ఎందుకయిందో అప్పుడే ఆలోచించి ఉండాల్సిందని తర్వాత తనే అన్నాడు. అప్పుడు మాత్రం కొత్త డిస్కు వేగం అనుకున్నాడట. అలసిపోయినవాడు తనకి కావలసిందే అనుకుంటాడు.

బుధవారం నేను లాండ్రీ నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాను. నేను పంతొమ్మిదేళ్ళుగా లాండ్రీలో బట్టలకి నంబరు చీటీలు కుట్టే పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరివో చొక్కాలు, ఎవరివో దుప్పట్లు. కాళ్ళు పీకుతున్నాయి. బావ బల్ల దగ్గర, కడుపులో ఏమీ లేనివాడిలా వంగి కూర్చున్నాడు. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది.

"సి సంగతి వదిలేసి డి దింపాను" అన్నాడు, నా వైపు చూడకుండా. "తెరిచి చూస్తే అందులో షాపు పని లేదు. కంప్యూటరు నడిచే సామాను ఉంది. సి గదిలో ఉండాల్సింది. కాపీలు పాడైపోయినట్టున్నాయి. ఎందుకు పాడయ్యాయో తెలియడం లేదు."

"పాడవ్వడం ఏముంది బావా. నంబరు జరిగి ఉంటుంది."

"ఏం నంబరు?"

నాకు ఓపిక లేదు, అయినా చెప్పాను. "మా దగ్గర ఒకసారి కొత్తగా వచ్చిన అమ్మాయి షాపు వాళ్ళ సొంత తువ్వాలుకి ఒకటో నంబరు కుట్టేసింది. దాంతో ఒకటో ఆయన చొక్కా రెండుకి పోయింది, రెండో ఆయనది మూడుకి. వరసంతా ఒక్కొక్కటి జరిగింది. ఏ బట్టా పాడవలేదు, అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. పక్కవాడి చేతికి వెళ్ళాయి, అంతే. నీ గదుల ముందు కూడా ఏదో తువ్వాలు దూరి ఉంటుంది."

బావ నా మొహం వంక చూశాడు. ఆ చూపు నేనెప్పుడూ మరిచిపోను. లేచి ఇ కాపీ తెరిచాడు. అందులో షాపు పని ఉంది. ఎఫ్ కాపీ తెరిచాడు. అందులో ఇంటి ఫోటోలు. మొట్టమొదటి సి కాపీ తెరిచాడు, అందులో చిన్న చిన్న ఫైళ్ళు కాసిని ఉన్నాయి.

"తువ్వాలు" అన్నాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. "ఈ కంప్యూటరు కొని ఏడాదిన్నర అయింది. దీన్ని తయారుచేసినవాళ్ళు ముందు ఒక చిన్న గది కట్టి దాచిపెట్టారు, వాళ్ళ రిపేరు సామాను కోసం. మామూలుగా అది కనపడదు, దానికి అక్షరం కూడా ఉండదు. పెన్‌డ్రైవ్ నుంచి లేపితే మాత్రం కనిపిస్తుంది. కనిపించి ముందు తనే సి అనే అక్షరం తీసేసుకుంది. తర్వాత అందరూ ఒక్కో అక్షరం పక్కకి జరిగారు. నేను పాత కంప్యూటరు అలవాటు మీద సి, డి, ఇ, ఎఫ్ అని అక్షరాలు చూసి టిక్కు కొట్టుకుంటూ పోయాను." ఆయన నవ్వుతున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి. "ఏమీ పాడవలేదు బుల్లీ. ఒక మెట్టు జరిగింది, అంతే. నువ్వు లాండ్రీలో ఉండాల్సిన దానివి కాదే."

నేనూ నవ్వాను. పొగిడితే ఎవరికి చేదు. అప్పుడు మామూలుగా, ఏమీ అనుకోకుండానే అడిగాను.

"మరి ఎఫ్ గదిలోది ఏ కాపీలోకి జరిగింది?"

లాండ్రీలో ఆ తువ్వాలు దూరిన రోజు వరస చివరాయన ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ఆ సంగతి నేను బావకి చెప్పలేదు, నాకే గుర్తు రాలేదు. బావ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నాలుగు కాపీలు, నాలుగు టిక్కులు. మొదటిది తయారుచేసినవాళ్ళ గది, తర్వాతవి మూడూ సి, డి, ఇ. పెన్‌డ్రైవ్ నుంచి లేపినప్పుడు ఎఫ్ గదికి జి అనే అక్షరం వచ్చి ఉంటుంది. ఆ అక్షరాన్ని ఏడాదిన్నరగా ఏ ఆదివారమూ ఆయన ముట్టుకోలేదు.

నాకు కోపం వచ్చింది. దాచడం ఎందుకు, ఒళ్ళు మండిపోయింది. "ఊరందరికీ పాఠాలు చెప్పావు కదా బావా. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని ఊరికే అన్నారా. ఇన్ని ఆదివారాల్లో ఒక్కసారి, ఒక్కసారైనా ఆ డబ్బా తెరిచి లోపల ఏముందో చూడాలనిపించలేదా నీకు?"

"లేదు" అన్నాడు. "టిక్కు పడింది కదా అనుకున్నాను."

"సైజయినా చూసుకోవా?"

"ఆసుపత్రి నుంచి వచ్చి చేసిన ఆదివారాలు చాలా ఉన్నాయి బుల్లీ. పచ్చగా ఏదైనా కనపడితే చాలనిపించేది."

అక్కడితో నా కోపం చల్లారింది, కానీ అన్న మాటలు వెనక్కి రావుగా. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. నేను షాపు గదిలోనే కూర్చున్నాను. తలుపు వేసుకోలేదు, అంతా వినిపించింది. అంతా అంటే సగమే. అక్క వైపు నుంచి కాగితం మీద పెన్ను గీసుకునే చప్పుడు తప్ప ఇంకేం రాదు కదా.

"నీకొకటి చెప్పాలి" అన్నాడు బావ. కాసేపటికి, "అది లేదు. తీశాననుకున్నాను. తీయలేదు." పెన్ను గీసుకుంది. "మొత్తం." మళ్ళీ పెన్ను. "ఒక్కటి కూడా." పెన్ను ఆగిపోయింది. అక్క ఏడుస్తోందని నాకు తెలిసింది, ఎందుకంటే బావ కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడు వచ్చింది. "ఏడవకు" అని మాత్రం అనలేదు. తర్వాత పెన్ను గట్టిగా, ఒకే చోట, మళ్ళీ మళ్ళీ గీసుకుంది. "నిజమే" అన్నాడు బావ. "నువ్వు ఏమన్నా నిజమే."

ఆ పుస్తకం నేను తర్వాత చూశాను, అక్కే ఇచ్చింది. మొదటి పేజీలో "మొత్తమా?" అని ఉంది. రెండో దాంట్లో "ఒక్కటి కూడా?" మూడో పేజీలో మాటలేం లేవు, కాగితం చిరిగేదాకా గీసిన గీతలు. నాలుగో దాంట్లో "పొద్దున్నుంచీ మీరేమీ తినలేదు" అని ఉంది.

గురువారం ఆయన ఆగిపోయిన డిస్కును తువ్వాలులో చుట్టుకుని, ఊరికి ఆ చివర డిస్కులు విప్పి చూసే ఒకాయన దగ్గరికి వెళ్ళాడు. రెండు బస్సులు మారాలి. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను, నోరు జారినందుకు పరిహారంగా. ఆ పెద్దమనిషి అద్దాల పెట్టెలో చేతులు పెట్టి డిస్కు మూత విప్పాడు. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం మీద గుండ్రంగా గీతలు పడి ఉన్నాయి. "గీసుకుపోయింది గురువుగారూ, పొడి రాలుతోంది" అన్నాడు. ఆయన ఒకప్పుడు బావ దగ్గరే పని నేర్చుకున్నాడట. ఇంకేం మాట్లాడలేక మాకు టీ తెప్పించాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్టయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. బావ పైకమ్మీ పట్టుకుని, డిస్కును ఇంకో చేత్తో గుండెలకు ఆనించుకుని నిలబడ్డాడు. ఆయన జుట్టు ఎప్పుడు అంత తెల్లబడిందో నేను గమనించలేదు.

"నాకు తిట్లంటే భయం లేదు బుల్లీ" అన్నాడు. "మీ అక్క తిట్టలేదు. తిట్టాలంటే రాయాలి కదా. అంత రాసే ఓపిక దానికి లేదు."

శుక్రవారం పొద్దున ఆయన ఆ గీసుకుపోయిన డిస్కునే మళ్ళీ కంప్యూటరుకి తగిలించుకుని కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, ఒకటో రెండో వాక్యాలయినా చిక్కుతాయేమోనన్నాడు. అది కటకటమంటుంది, ఆగుతుంది, ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. ఆసుపత్రికి మీరిద్దరూ వెళ్ళి పలక తీసుకురండి, నేను ఆ డాక్టరమ్మకి మొహం చూపించలేనన్నాడు.

బయల్దేరడానికి ఇంకా గంట టైముంది. లోపల పడకగదిలో, ఆయన ఇంటి ఫోటోల కాపీ దింపిపెట్టిన ఇంకో కంప్యూటరు ముందు అక్కా నేనూ ఫోటోలు చూస్తూ కూర్చున్నాం. అక్క పాత ఫోటో ఒకటి డాక్టరమ్మ అడిగింది, పలక మీద పెట్టడానికి. వెతుకుతుంటే, అన్నింటికంటే కింద "పనికిరానివి" అని ఒక ఫోల్డరు కనిపించింది. తెరిచాను. అరవై మూడు ఫైళ్ళు. మొదటిది నొక్కగానే గదిలో అక్క దగ్గింది.

అక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

అవన్నీ రికార్డింగు రోజుల్లో తప్పిపోయిన ముక్కలు. వాక్యం మధ్యలో నవ్వు వచ్చినవి, నాలుక మడతపడినవి, వంటింట్లో కుక్కరు కూసినవి, బావతో చిరాకుపడినవి. మంచివన్నీ ఎఫ్ గదిలో పెట్టుకుని, ఈ చెత్త అక్కడ ఎందుకని ఆయన ఇంటి ఫోటోలుండే ఇ గదిలోకి తోసేసి, ఆ తర్వాత మరిచేపోయాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆయన బస్సులెక్కి తిరిగింది ఇందుకే. బావని పిలవబోయాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఇప్పుడే ఆశపెట్టొద్దని రాసింది. అరవై మూడూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆయనకి చెప్పకుండా వెళ్ళాం.

డాక్టరమ్మ ఓపిగ్గా అన్నీ విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "గొంతు తయారుచేయడానికి ఇవి చాలవమ్మా. కనీసం కొన్ని వందలు కావాలి, అవీ శుభ్రంగా ఉండాలి. మీకు అబద్ధం చెప్పలేను" అంది. టైపు చేసిన మాటలన్నీ పలకలో ఉండే అరువు గొంతే పలుకుతుంది. కావాలంటే మాత్రం ఈ ముక్కల్లో కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టు పలక మీది ఎనిమిది మీటలకి కట్టి పెట్టవచ్చంది. ఆ మీట నొక్కితే ఆ ముక్కే, అచ్చంగా అక్క అన్నట్టే వస్తుంది. అంతకు మించి ఏం లేదు. పదహారు వందల వాక్యాలు చదివిన మనిషికి ఎనిమిది మీటలు.

ఆ అరువు గొంతు ఎవరో చిన్నపిల్లది, వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. అక్క దాంతో మొదట టైపు చేసిన మాట, "ఈ పిల్ల నా సంసారంలోకి ఎందుకొచ్చింది." అది అదే గొంతుతో శుభ్రంగా పలికింది. డాక్టరమ్మా నేనూ నవ్వాం. అక్క నవ్వలేదు. చాలాసేపు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎనిమిది ముక్కలు ఏరుకుంది. అవేమిటో నన్ను విననివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, బయటికి వెళ్ళి వరండాలో కూర్చున్నాను. ఎనిమిదే అని ఏడ్చానో, ఎనిమిదైనా ఉన్నాయని ఏడ్చానో చెప్పలేను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. అక్క వండిపెట్టిన భోజనం గిన్నెల్లో మూతలు తీయకుండా అలాగే ఉంది. బావ షాపు గదిలో వీధి గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. డిస్కు కటకటమని ఆగింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మేం వచ్చిన చప్పుడు విన్నాడు కానీ తిరగలేదు. "ఏమంది ఆవిడ?" అని కూడా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

అక్క ఆయన వెనక్కి వెళ్ళి నిలబడింది. పలకని పొట్టకి ఆనించుకుని, ఒక మీట మీద వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నొక్కింది.

"ఇంక చాలండీ. అలిసిపోయాను. లేవండి, అన్నం తిందాం."

అది మా అక్క. కొంచెం బొంగురు, కొంచెం విసుగు, 'లేవండి' అన్న చోట ఎప్పుడూ ఉండే ఆ సాగదీత. వెనకాల ఫ్యాను మోత కూడా ఉంది.

"వస్తున్నానే, రెండు నిమిషాలు" అన్నాడు బావ, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, ముప్ఫై ఏళ్ళుగా అన్నట్టే.

అని, ఆగిపోయాడు. మౌసు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. డిస్కు కటకటమని తిరిగి తిరిగి తనంతట తనే ఆగింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టలేదు. వెనక్కి తిరగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది, అక్క తొందరపెట్టలేదు.